మోంజా రేసు వారం వస్తోంది: మన ప్రివ్యూ మనమే రాసుకునే పద్ధతి

సెప్టెంబరు మొదటి వారం దగ్గరపడుతుంటే ఒడిశాలోని మా రాయగడలో రేసులు చూసే కొద్దిమందిమీ ఫోన్లలో మోంజా మాట మొదలుపెడతాం, ఇటలీలో ఫార్ములా వన్ కార్ల రేసు జరిగే ట్రాక్ అది. ఆదివారం సాయంత్రం నేరుగా స్క్రీను ముందు కూర్చుంటే చెట్ల మధ్య నుంచి కార్లు దూసుకుపోవడం కనిపిస్తుంది, గంటా ఇరవై నిమిషాలు తిరిగేలోపు అయిపోతుంది, ఎవరో గెలుస్తారు. అదే ముందు ఐదు రోజులు రోజుకో అరగంట కేటాయించి సొంతంగా ఒక పేజీ ప్రివ్యూ రాసుకుని కూర్చుంటే కెమెరా చూపించనిది కూడా మీకు అర్థమవుతూ ఉంటుంది. ఫలానా డ్రైవర్ టైర్లు మార్చుకునే చోటికి, అంటే పిట్‌లోకి, ఇప్పుడే ఎందుకు వచ్చాడో పక్కవాడికి మీరే చెప్పగలుగుతారు. నేను కొన్నేళ్లుగా ఇలా రాస్తున్నాను, ఆ పద్ధతి మీకు చెప్తాను.

ప్రివ్యూ అనగానే చాలామంది గెలిచేదెవరు అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నేను ట్రాక్ దగ్గర మొదలుపెట్టమంటాను. డ్రైవర్లు టీములు మారతారు, కార్ల రూల్స్ మారతాయి, కానీ వందేళ్లు దాటినా మోంజాలో ఆ పొడవాటి తిన్నని రోడ్లు అలాగే ఉన్నాయి. ట్రాక్ అర్థమైతే మిగతాది దానంతటదే కుదురుతుంది.

సోమవారం: ఒక ల్యాప్ నోటికి వచ్చేలా నేర్చుకోండి

లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఎడమ పేజీలో ట్రాక్ బొమ్మ గీయండి. కంప్యూటర్లో బొమ్మ ప్రింటు తీసి అతికించొద్దు, చేత్తోనే గీయండి, వంకరగా వచ్చినా పరవాలేదు, గీస్తేనే ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో చేతికి గుర్తుంటుంది. మోంజా 5.793 కిలోమీటర్లు, 11 మలుపులు, గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే తిరుగుతారు. రేసు 53 ల్యాపులు (ల్యాప్ అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు), మొత్తం 306.720 కిలోమీటర్లు.

స్టార్ట్ లైన్ నుంచి మొదటి మలుపు దాకా 600 మీటర్లకు పైగా తిన్నని రోడ్డు. అక్కడికి కారు గంటకు 340, 350 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, వచ్చి ఒక్కసారిగా 80 చుట్టుపక్కలకి పడిపోతుంది. అది కుడి, వెంటనే ఎడమ. దీన్నే షికేన్ అంటారు, వేగం తగ్గించడానికి తిన్నని రోడ్డులో కావాలని పెట్టిన మెలిక. ఈ మొదటి షికేన్ పేరు రెట్టిఫిలో. బొమ్మలో దీని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీయండి. ఓవర్‌టేకులు ఎక్కువగా జరిగేది, మొదటి ల్యాపులో కార్లు ఒకదానిమీదొకటి పడేది ఇక్కడే. 2021లో వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ కారు మీదికెక్కింది కూడా ఇక్కడే, డ్రైవర్ తల చుట్టూ ఉండే హాలో అన్న కమ్మీ వల్ల హామిల్టన్ బతికి బయటపడ్డాడు.

దాని తర్వాత కర్వా గ్రాండే, పెద్ద కుడి వంపు. పేరుకి మలుపే గాని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయరు. తర్వాత రెండో షికేన్ రొజ్జా, ఎడమ, కుడి. తర్వాత రెండు లెస్మోలు, రెండూ కుడివైపే. రెండో లెస్మో నుంచి ఎంత బాగా బయటపడితే తర్వాతి తిన్నని రోడ్డులో అంత వేగం కలిసొస్తుంది. ఆ రోడ్డులోనే పాత ట్రాక్ వంతెన కింద నుంచి కార్లు వెళ్తాయి, దాని సంగతి తర్వాత చెప్తాను. అక్కడి నుంచి అస్కారి, ఎడమ, కుడి, ఎడమ. ఈ మూడూ ఒక్క ఊపులో తిప్పాలి. 1955లో డ్రైవర్ ఆల్బెర్టో అస్కారి టెస్టింగ్‌లో చనిపోయింది ఇక్కడే, అందుకే ఆ పేరు. ఆ పైన మరో పొడవాటి రోడ్డు, చివర పారబోలికా అనే పెద్ద కుడి మలుపు. 2021లో దానికి డ్రైవర్ మికేలే ఆల్బొరెతో పేరు పెట్టారు, అయినా అందరి నోటా పాత పేరే నలుగుతోంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని లోపల ఒక ల్యాప్ తిరగండి. ఎక్కడైనా ఆగిపోతే బొమ్మ చూడండి. పదిసార్లకి వచ్చేస్తుంది. ఇది మాత్రం మానొద్దు, మిగతావి సమయం లేక వదిలేసినా సరే.

బ్రేకు, గాలి: ఈ రెండూ పట్టుకుంటే సగం మోంజా వచ్చినట్టే

మా మావయ్యది సాలూరు, ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. సుంకి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదని, కింది గేరులో ఇంజనుతోనే బండిని పట్టి దింపాలని చెప్పేవాడు. బ్రేకు అదేపనిగా నొక్కితే డ్రమ్ములు కాలి వాసనొస్తుంది, ఆ తర్వాత నొక్కినా పట్టదు. మోంజాలో కష్టం దీనికి సరిగ్గా ఎదురు. ఫార్ములా వన్ కార్లకి కార్బన్ బ్రేకులుంటాయి, అవి వందల డిగ్రీల వేడిలో ఉంటేనే సరిగ్గా పట్టుకుంటాయి. పొడవాటి రోడ్డులో గాలికి అవి చల్లారిపోతాయి, చల్లారిన బ్రేకుని ఒక్కసారిగా ప్రాణాలన్నీ పెట్టి నొక్కాలి. అందుకే శుక్రవారం ప్రాక్టీసులో మొదటి షికేన్ దగ్గర టైరు లాక్ అయి తెల్లపొగ వస్తుంటే, తిన్నగా పక్కదారిలోకి పోతుంటే, ఎవరి కారు, ఎన్నిసార్లు అని పక్కన గీతలు గీసుకోండి. ఆదివారం ఎవరిమీద ఒత్తిడి పెడితే తప్పు చేస్తారో ఆ గీతలే చెప్తాయి.

రెండోది గాలి. పార్వతీపురం రోడ్డు మీద ఎదురుగాలిలో బైకు నడుపుతూ లోడు లారీ వెనక్కి చేరితే చెవుల్లో హోరు ఆగిపోయి బండి ఒక్కసారిగా తేలికవుతుంది (రోడ్డు మీద ఆ పని చేయకండి, లారీ బ్రేకు వేస్తే మనం మిగలం). రేసులో దాన్నే స్లిప్‌స్ట్రీమ్ అంటారు, టో అని కూడా. ముందు కారు గాలిని చీల్చుకుపోతుంటే వెనక కారుకి అడ్డు తగ్గి వేగం పెరుగుతుంది. మోంజాలో ల్యాపులో అత్యధిక భాగం యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే ఉంటారు కాబట్టి ఈ టో విలువ మిగతా చాలా ట్రాకుల్లో కంటే ఇక్కడ ఎక్కువ.

ఇదే గాలి కారణంగా టీములు మోంజాకి బాగా పలచటి వింగులు, అంటే కారు ముందు, వెనక ఉండే రెక్కలు, తెస్తాయి. వింగు పలచబడితే తిన్నని రోడ్డులో వేగం పెరుగుతుంది, కానీ కారుని రోడ్డుకి అదిమే బలం తగ్గి బ్రేకు వేసేటప్పుడు, లెస్మోల్లో, అస్కారిలో కారు జారుతుంది. ఎంత పలచన చేయాలి అన్నదే ప్రతి టీమూ తేల్చుకోవాల్సిన లెక్క. 2025లో రెడ్ బుల్ వాళ్లు వెర్‌స్టాపెన్ కారుకి వెనక వింగు బాగా కోసేసి తగ్గించారు, ఆ కారుతోనే అతను 1 నిమిషం 18.792 సెకన్లలో పోల్, అంటే రేసు మొదలుపెట్టే వరసలో మొదటి స్థానం, కొట్టాడు. సగటున గంటకు 264.681 కిలోమీటర్లు, ఫార్ములా వన్‌లో అప్పటిదాకా ఎవరూ తిరగనంత వేగమైన ల్యాప్ అది. అలాంటి ల్యాపులో కూడా షికేన్ దగ్గర 80కి దిగాలి. అది గుర్తుపెట్టుకుని ఆ సగటు మళ్లీ చదవండి.

మంగళవారం: పాత రోజుల్లోంచి ఒకటే కథ తీసుకోండి

చరిత్ర ఉన్న సర్క్యూట్ కదా అని అన్నీ రాయబోతే పేజీ నిండిపోతుంది, వినేవాళ్లకి నిద్రొస్తుంది. ఒకటి తీసుకోండి, ఆ వారం రేసుకి పనికొచ్చేది.

వెనక చిత్రం మాత్రం మీ మనసులో ఉండాలి. మోంజా ఊరు మిలాన్ పక్కనే. అక్కడి రాజుల తోటలో 1922లో నూట పది రోజుల్లో ఈ ట్రాక్ కట్టారు. 1950లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పటి నుంచి ఒక్క 1980లో తప్ప ఇటాలియన్ గ్రాండ్ ప్రీ ఏటా ఇక్కడే. పాత రోజుల్లో మామూలు రోడ్డుతో పాటు గోడలా పైకి లేచిన వంపుల గుండ్రటి ట్రాక్ కూడా ఉండేది, 1955లో దాన్ని కాంక్రీటుతో మళ్లీ కట్టారు. ఫార్ములా వన్ కార్లు దాని మీద చివరిసారి తిరిగింది 1961లో. ఆ రేసులో పారబోలికాకి చేరే దారిలో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్ కారు జిమ్ క్లార్క్ కారుకి తగిలి గట్టు ఎక్కి జనంలోకి దూసుకుపోయింది. ఫాన్ ట్రిప్స్‌తో పాటు ఎంతోమంది ప్రేక్షకులు చనిపోయారు. ఆ వంపులు ఇప్పటికీ చెట్ల మధ్య పడావుగా ఉన్నాయి, టీవీలో రెండో లెస్మో దాటాక కార్లు ఒక కాంక్రీటు వంతెన కింద నుంచి వెళ్తాయి చూడండి, అదే. నేను ప్రతిసారీ మొదటి ల్యాపులో దాని కోసం చూస్తాను.

నేను ఎక్కువగా చెప్పే కథ 1971ది. అప్పటికి షికేన్లు లేవు, కార్లన్నీ ఒకదాని వెనకొకటి టో పట్టుకుని గుంపుగా తిరిగేవి. చివరికి పీటర్ గెథిన్ 0.01 సెకను తేడాతో గెలిచాడు, మొదటి ఐదుగురి మధ్య మొత్తం తేడా 0.61 సెకను. ఆ మరుసటి ఏడే వేగం తగ్గించాలని షికేన్లు పెట్టారు. ఆ రేసు సగటు వేగం గంటకు 242.615 కిలోమీటర్లు, ఆ రికార్డు పడడానికి 2003లో షూమాకర్ దాకా ఆగాల్సి వచ్చింది. 2025లో అది వెర్‌స్టాపెన్ పేరు మీదికి వచ్చింది. ఈ కథ ఎందుకంటే, ఇప్పటి మొదటి షికేన్ గొడవలన్నిటికీ వేరు అక్కడుంది. గుంపుగా వచ్చే కార్లని ఇరుకు మెలికలోకి పంపిస్తే ఏమవుతుందో మీరు చెప్పకుండానే వినేవాళ్లకి అర్థమైపోతుంది.

వాన వచ్చే సూచన ఉంటే మాత్రం 1971 పక్కనపెట్టి 2008 చెప్పండి. తడి ట్రాక్ మీద టోరో రోసో అనే చిన్న టీము కారుతో ఇరవై ఒక్కేళ్ల వెటెల్ పోల్ కొట్టి గెలిచాడు. ఫెరారీ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉంటే 1988 చెప్పండి, ఆ టీము పెట్టిన ఎన్‌జో ఫెరారీ చనిపోయిన నెల తిరక్కుండానే దాని డ్రైవర్లు బెర్గర్, ఆల్బొరెతో మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. ఆ ఏడాది 16 రేసుల్లో మెక్‌లారెన్ గెలవని ఒకే ఒక్క రేసు అది.

బుధవారం: పాత ఫలితాల్లో ఎంతవరకు నమ్మాలి

గత కొన్నేళ్ల ఫలితాలు ఒక వరసలో రాయండి. 2019 లెక్లెర్, 2020 గాస్లీ, 2021 రికియార్డో, 2022, 2023 వెర్‌స్టాపెన్, 2024 లెక్లెర్, 2025 వెర్‌స్టాపెన్. పక్కనే ముందు స్థానంలో నుంచి మొదలుపెట్టింది ఎవరో రాయండి. అప్పుడొకటి బయటపడుతుంది, 2020 నుంచి 2024 దాకా వరసగా ఐదేళ్లు ముందు నుంచి మొదలుపెట్టినవాళ్లు గెలవలేదు. ఓవర్‌టేక్ వీలయ్యే ట్రాక్ అనడానికి ఇది మంచి గుర్తు. కానీ అందులో 2020 లాంటిది వేరుగా చూడాలి, పిట్ దారి మూసి ఉండగా లోపలికి వెళ్లినందుకు హామిల్టన్‌కి శిక్ష పడింది, మధ్యలో రేసు ఆపారు, అలా గాస్లీకి దారి దొరికింది. ప్రతి ఫలితం పక్కన ఎందుకు అన్నది ఒక్క మాటలో రాయండి, లేకపోతే అంకెలు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఇంకొక జాగ్రత్త. 2026 నుంచి కార్ల రూల్స్ మొత్తం మారాయి. వెనక వింగు తెరుచుకునే పాత డీఆర్ఎస్ పోయింది. ఇప్పుడు తిన్నని రోడ్డులో అన్ని కార్లూ ముందు, వెనక వింగులు రెండూ పడుకోబెట్టుకోవచ్చు, ముందు కారుకి ఒక సెకనులోపు ఉన్నవాడికి అదనంగా కరెంటు బలం దొరుకుతుంది. ఇంజను బలంలో సగం దాకా బ్యాటరీ నుంచి వస్తుంది. బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ నిండుతుంది, మోంజాలో గట్టి బ్రేకులు తక్కువ, తిన్నని రోడ్లు ఎక్కువ. అంటే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. కాబట్టి పొడవాటి రోడ్డు చివరికొచ్చేసరికి ఎవరికి బ్యాటరీ మిగిలింది, ఎవరికి అయిపోయింది అన్నది పలచటి వింగు ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. మలుపుకి ముందే డ్రైవర్లు కాలు తీసి బండిని దొర్లనివ్వడం కూడా కనిపిస్తుంది, మావయ్య చూస్తే వెంటనే అడుగుతాడు, "ఏట్రా, బ్రేకు దాకా రాకుండానే కాలు తీసీసేడు?" అని. దానికి జవాబు మీ పేజీలో ఒక్క వాక్యంలో ఉండాలి. 2025 దాకా ఉన్న ల్యాప్ టైములు ఈ కార్లకి సరిపోలుస్తూ రాయకండి.

టైముల పట్టిక, ఇంట్లో ఏర్పాట్లు

ఇటలీలో సెప్టెంబరులో మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడి మధ్యాహ్నం మూడు గంటలకి రేసంటే మనకి సాయంత్రం ఆరున్నర. 2025లో మన టైములు ఇలా ఉన్నాయి: శుక్రవారం ప్రాక్టీసులు సాయంత్రం 5కి, రాత్రి 8:30కి, శనివారం చివరి ప్రాక్టీసు 4కి, క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెడతారో తేల్చేది) 7:30కి, ఆదివారం రేసు 6:30కి. ఆ వారం వచ్చాక అధికారిక టైములు ఒకసారి సరిచూసుకుని గోడకి అంటించండి.

మా వైపు ఆ రోజులు వానలవి. సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు పోతుంది, ఒకసారి సరిగ్గా క్వాలిఫయింగ్ చివరి ఐదు నిమిషాల్లో పోయి, ఇన్వర్టర్ పెట్టుకున్న పక్కింటికి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. ఫోను నిండా ఛార్జి చేసుకోండి, వైఫై పోతే ఫోను డేటాతో చూడడానికి యాప్‌లో లాగిన్ ముందే చేసి ఉంచండి. వినాయక చవితి దగ్గర్లో పడితే పందిరి పనులు, చందాలు ఉంటాయి, ఇంట్లోవాళ్లకి ఆదివారం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నాకు పనులు చెప్పొద్దని సోమవారమే చెప్పేయండి.

శుక్రవారం: ఎవరు ఫస్టు అన్నది వదిలేయండి

ఇది కొత్తగా చూసేవాళ్లకి కష్టంగా అనిపించే భాగం. ప్రాక్టీసులో ఎవరు అతి వేగంగా ఒక ల్యాప్ తిరిగారో దానికి పెద్ద విలువ లేదు, పెట్రోలు ఎవరు ఎంత పోసుకున్నారో మనకి తెలియదు, ఎవరికి టో దొరికిందో తెలియదు. విలువంతా రెండో ప్రాక్టీసు రెండో సగంలో ఉంటుంది. అప్పుడు టీములు పెట్రోలు నింపుకుని రేసులోలాగా వరసగా ల్యాపులు తిరుగుతాయి. అవి రాసుకోండి.

ఉదాహరణకు ఒక డ్రైవర్ ల్యాపులు 1:24.6, 1:24.7, 1:24.9, 1:25.3 అని వచ్చాయనుకోండి. ఇంకొకడివి 1:25.0, 1:25.0, 1:25.1, 1:25.0. మొదటివాడు వేగంగా మొదలుపెట్టాడు కానీ నాలుగో ల్యాపుకే టైరు అరిగి జారుతోంది. రెండోవాడు పాతిక ల్యాపులు అలాగే తిరగగలడు. పేపరులో హెడ్డింగు మొదటివాడికి పడుతుంది, మీ పేజీలో రెండోవాడి పేరు కింద గీత పడాలి. మధ్యలో 1:31 లాంటిది వస్తే అది నెమ్మదిగా తిరిగినదో, ఎవరో అడ్డొచ్చినదో, కొట్టేయండి. ఇద్దరూ ఒకే రకం టైరు మీద ఉన్నారా అన్నది చూడకుండా మాత్రం పోల్చకండి, ఎరుపు గీత సాఫ్ట్, పసుపు మీడియం, తెలుపు హార్డ్.

మోంజాలో మలుపులు ఎక్కువగా కుడివైపే, అందుకని బరువు ఎడమ టైర్ల మీద పడుతుంది. 2024లో కొత్తగా తారు వేశారు, ఆ శుక్రవారం టైర్ల మీద రబ్బరు పొరలు పొరలుగా లేచి గరుకుగా తయారైంది. దీన్ని గ్రెయినింగ్ అంటారు. అది చూసి నేను ఆ ఏడాది రెండు పిట్ స్టాపులు ఖాయం అని రాశాను. రేసులో లెక్లెర్ 15వ ల్యాపులో ఒక్కసారే ఆగి, ఆ హార్డ్ టైర్లతో మిగిలిన 38 ల్యాపులూ లాక్కొచ్చి గెలిచాడు, రెండుసార్లు ఆగిన పియాస్త్రి రెండున్నర సెకన్ల పైచిలుకు దూరంలో ఆగిపోయాడు. నేను మర్చిపోయింది ఏమిటంటే కార్లు తిరిగేకొద్దీ రోడ్డు మీద రబ్బరు పరుచుకుని శుక్రవారానికి, ఆదివారానికి ట్రాక్ మారిపోతుంది. పైగా మోంజాలో పిట్‌లోకి వెళ్తే 20 సెకన్లకు పైగా పోతాయి, ఎందుకంటే బయట కార్లు 340లో పోతుంటే మనం పిట్ దారిలో 80లో నడుస్తుంటాం. ఒక స్టాపుతో లాక్కురాగలిగితే టీము అదే చేస్తుంది. అందుకే ఇప్పుడు నేను రెండు స్టాపులు అని రాయాలంటే గట్టి కారణం దొరికితేనే రాస్తాను, మీరూ అలాగే చేయండి.

శనివారం

క్వాలిఫయింగ్ మూడు భాగాలు. 22 కార్లలో మొదటి భాగంలో ఆరు, రెండో భాగంలో ఆరు పోతాయి, చివరికి పది మిగులుతాయి. మోంజాలో ఇక్కడే టెన్షన్. ప్రతివాడికీ ముందు ఒక కారు కావాలి, టో కోసం. మొదట బయటికెళ్లడానికి ఎవరూ ఒప్పుకోరు. 2019లో చివరి నిమిషాల్లో అందరూ నువ్వు ముందంటే నువ్వు ముందని నెమ్మదిగా నడుపుకుంటూ పోయి, ఎక్కువమంది టైము అయిపోయాక లైన్ దాటారు, చివరి ప్రయత్నమే చేయలేకపోయారు. 2025లో మొదటి ఇద్దరి మధ్య తేడా 0.077 సెకను. కాబట్టి గ్రిడ్, అంటే రేసు మొదలుపెట్టే వరస, రాసుకునేటప్పుడు ప్రతి పేరు పక్కన టో దొరికిందా లేదా అన్నది కూడా చిన్న టిక్కు పెట్టండి. టో లేకుండా నాలుగో స్థానం తెచ్చుకున్నవాడు, టో దొరికి రెండోవాడైనవాడికంటే ఆదివారం బలంగా ఉండొచ్చు. క్వాలిఫయింగ్ అయ్యాక పెనాల్టీలు కూడా చూడండి, ఇంజను మార్చినవాళ్లు వెనక్కి వెళ్తారు. ఓవర్‌టేక్ వీలవుతుంది కాబట్టి ఆ శిక్ష వేయించుకోవడానికి టీములు మోంజాని ఎంచుకుంటుంటాయి.

రాత్రికి ప్రివ్యూ రాయడం. నేను ఐదు ముక్కలకి మించి రాయను: ట్రాక్ గురించి రెండు వాక్యాలు, ఒక పాత కథ, ముందు వరసలో ఎవరు ఎందుకు, టైర్ల అంచనా, చూడాల్సిన ఒక పోటీ. ఈ చివరిది తప్పకుండా రాయండి, అది ముందువాళ్లదే కానక్కర్లేదు, ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో ఇద్దరు వేరువేరు టైర్లతో మొదలుపెడుతుంటే నాకు అదే ఎక్కువ ఇష్టం.

ఇంకొక మాట, సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకి. మా దగ్గర ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మీడియంలో చదువుకున్న పిల్లలు చాలామంది, తెలుగు వింటారు, మాట్లాడతారు, చదవడం రాదు. మొదట్లో నేను పేజీ ఫోటో తీసి పంపేవాణ్ణి. ఒకరోజు మా అన్నయ్య కొడుకు, "బాబాయ్, నువ్వు పంపింది అమ్మ చదివి వినిపిస్తే గాని నాకు తెలీలేదు" అన్నాడు. అప్పటి నుంచి రాసినదాన్ని నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ చేసి పంపుతున్నాను. గుణుపురం, జయపురంలో ఉన్న ఒడియా స్నేహితులు కూడా వింటున్నారు. చదువుతూ రికార్డు చేయకండి, పేజీ ఒకసారి చూసుకుని పక్కనపెట్టి ఎదురుగా మనిషి కూర్చున్నట్టు చెప్పండి, ల్యాప్ నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి తడుముకోరు. డ్రైవర్ల పేర్లు మాత్రం నెమ్మదిగా పలకండి.

ఆదివారం

ఆరుంబావుకల్లా కూర్చోండి. ప్రివ్యూ రాసేటప్పుడే పేజీలో కుడివైపు ఖాళీ వదిలి, అందులో 53 వరకు అంకెలు నిలువుగా రాసి ఉంచండి. ఎవరు ఏ ల్యాపులో ఆగారు, ఏ టైరు వేశారు అన్నది అక్కడ పడాలి. మొదటి ల్యాపులో ముందువాణ్ణి చూడొద్దు, షికేన్‌లోకి వెళ్లే గుంపులో మధ్యవాళ్లని చూడండి, రేసు తారుమారయ్యేది అక్కడి నుంచి. పదో ల్యాపు నుంచి ఎవరి వెనక ఎవరు ఒక సెకనులోపు ఉన్నారో గమనించండి. నలుగురైదుగురు వరసగా ఒకరికొకరు అంత దగ్గరుంటే అందరికీ టో దొరుకుతుంది కాబట్టి ఎవరూ ఎవరినీ దాటలేరు, అప్పుడు దారి పిట్ స్టాపే. వెనకవాడు ముందుగా ఆగి కొత్త టైర్లతో దాటే ప్రయత్నం చేస్తాడు, దాన్ని అండర్‌కట్ అంటారు. ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వస్తే మీ అంచనాలు పక్కనపెట్టి ఇంకా ఆగనివాళ్లెవరో వెంటనే చూడండి, వాళ్లకి లాటరీ తగిలినట్టే.

గెలుపు జెండా పడగానే కట్టేయకండి. మోంజాలో పోడియం పిట్ గోడ దాటి ట్రాక్ మీదికి చాచి ఉంటుంది. ఫెన్సింగులు తెరవగానే ఎర్రజెండాలతో జనం ఆ తిన్నని రోడ్డు నిండా పరుగెత్తుకొచ్చి దాని కింద నిలబడతారు. గంట క్రితం కార్లు 340లో వెళ్లిన రోడ్డు అది. ఫెరారీ గెలిచిన ఏడు ఆ అరుపులకి మా ఇంట్లో పిల్లలు కూడా లేచి నిలబడ్డారు.

సోమవారం అదే పేజీ తీసి ఆకుపచ్చ పెన్నుతో ఏది నిజమైంది, ఏది తప్పింది గుర్తు పెట్టండి, తప్పినదాని పక్కన కారణం రాయండి. తర్వాతి పేజీలో రాబోయే సర్క్యూట్ బొమ్మ గీయడం మొదలుపెట్టండి.